ఒక్క ఫోటాన్‌తో 0, 1 తేడా తెలుస్తుందా?

ప్రశ్న: దాదాపు ఒకేలా ఉండే రెండు లేజర్ సిగ్నళ్లను క్వాంటమ్ రిసీవర్ విడివిడిగా గుర్తుపడుతుందని చదివాను. మా ఫైబర్ బాక్సులో తరచూ ఎర్ర లైటు వస్తోంది. దానికిది పనికొస్తుందా? దీనిమీద మినీ ప్రాజెక్టు చేయొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు మీ బాక్సు సంగతి చూద్దాం. దాని సెట్టింగ్స్‌లో రిసీవ్డ్ పవర్ (అందుతున్న కాంతి బలం) -27 డీబీఎం దగ్గర ఉంటే సిగ్నల్ బాగా తగ్గినట్టే. అయినా అది దాదాపు 2 మైక్రోవాట్లు. సెకనుకు 2.5 గిగాబిట్ల వేగంలో ఒక్కో బిట్‌కి సుమారు 6,000 ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, వస్తున్నట్టు లెక్క! అన్ని ఉంటే క్వాంటమ్ రిసీవర్‌తో పనిలేదు. కేబుల్ ఎక్కడైనా మడతపడిందేమో, కనెక్టర్‌లో దుమ్ముందేమో టెక్నీషియన్‌తో చూపించండి. ఫైబర్ కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు. కనిపించకపోయినా అది లేజరే.

ఫోటాన్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడే అసలు చిక్కు. 0కి ఒక పల్స్ (చిన్న లేజర్ మెరుపు), 1కి అదే పల్స్ తరంగాన్ని తలకిందులు చేసి పంపామనుకోండి. ఒక్కో దాంట్లో సగటున ఒక్కటే ఫోటాన్. అప్పుడీ రెండు స్థితులూ కొంతమేర కలిసిపోయి ఉంటాయి. ఎంత మంచి పరికరం పెట్టినా తప్పులు సున్నాకి రావు. తప్పులు ఎంతకన్నా తగ్గవో చెప్పే హెల్‌స్ట్రామ్ సూత్రం ప్రకారం వెయ్యి పల్సులకి కనీసం నాలుగైదు తప్పులు తప్పవు. వచ్చిన కాంతిని మన లేజర్‌తో కలిపి తరంగాన్ని కొలిచే మామూలు హోమోడైన్ పద్ధతిలో, పరికరంలో ఏ లోపమూ లేకపోయినా, సుమారు 23 వస్తాయి.

1973లో ఎంఐటీకి చెందిన రాబర్ట్ కెనడీ చెప్పిన ఉపాయం నాకెంతో ఇష్టం. వచ్చిన పల్సుకి మన దగ్గరి లేజర్ కాంతిని కలపాలి. వచ్చింది 0 అయితే రెండూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుని చీకటి. 1 అయితే తరంగం రెట్టింపై సగటున 4 ఫోటాన్లు. డిటెక్టర్ టిక్కుమంటే 1, మౌనంగా ఉంటే 0. కానీ 1 వచ్చినా వందలో దాదాపు రెండుసార్లు ఒక్క ఫోటానూ తగలదు. తప్పు జరిగేది అక్కడే. పల్సుల్లో 1లు సగమే కాబట్టి మొత్తమ్మీద వెయ్యికి తొమ్మిదే!

అదే ఏడాది ఎంఐటీలోనే డోలినార్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు వేశారు. పల్స్ వస్తుండగానే, ప్రతి టిక్కుకీ అంచనా మార్చుకుంటూ లేజర్‌నీ మార్చాలన్నారు. సిద్ధాంతపరంగా ఇది హెల్‌స్ట్రామ్ హద్దును అందుకుంటుంది. అమెరికాలోని న్యూ మెక్సికో యూనివర్సిటీలో 2007లో దీన్ని చేసి చూపించారు. సుదూర అంతరిక్షం నుంచి లేజర్‌తో డేటా పంపేచోట ప్రతి ఫోటానూ విలువైనదే కాబట్టి ఇలాంటివి అక్కడ అక్కరకొస్తాయి.

ప్రాజెక్టుకి కెనడీ రిసీవర్‌తో మొదలుపెట్టండి. పైథాన్, పాయిజాన్ ర్యాండమ్ నంబర్లు (సగటును బట్టి ఒక్కో పల్సుకి ఎన్ని ఫోటాన్లు తగిలాయో ఇచ్చేవి) చాలు. లక్ష పల్సులు పంపి చూడండి, తప్పులు 0.9 శాతం దగ్గర తేలాలి. ఆ తర్వాత డోలినార్ జోలికి వెళ్లండి.