కరేరి చెరువుకి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

దసరా వెళ్ళాక, పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసుకుని ఆ వారంలోనే సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఢిల్లీ, హిమాచల్‌లోని ధర్మశాల, కరేరి ఊరు, అక్కణ్ణించి నడిచి చెరువు. నలుగురు ఆడపిల్లలు, చెరువు గట్టున ఒక రాత్రి టెంటులో. "నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అన్నాడు. నేను వద్దనను. ధర్మశాల దగ్గరి యోల్‌లో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో ఆ చెరువుకి నాలుగుసార్లు వెళ్ళాను. పొద్దున్నే టెంటు జిప్పు తీస్తే ధౌలాధార్ కొండలు ఆ నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తాయి. అది నువ్వు నీ కళ్ళతో చూడాలి. అందుకని, వెళ్ళి క్షేమంగా దిగి రావడానికి ఏం కావాలో రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు. నలుగురూ ఒకచోట కూర్చుని చదవండి.

నెల బాగా ఎంచుకున్నారు. జులై, ఆగస్టుల్లో ధర్మశాల వైపు వాన పడితే మన తుపాను రోజులు గుర్తొస్తాయి. వాగులు పొంగుతాయి, కొండచరియలు విరిగి పడతాయి. నడి చలికాలంలో చెరువు గడ్డకట్టి ఉంటుంది. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది, దారి ఆరి ఉంటుంది. కానీ మబ్బు లేని రాత్రే చలి ఎక్కువ. చెరువు ఉన్నది దాదాపు 2,934 మీటర్ల ఎత్తులో. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. విజయనగరంలో ఫ్యాన్ కింద కూడా చెమట పడుతున్న రోజుల్లోనే అక్కడ తెల్లవారుజామున టెంటు గుడ్డ మీద చెయ్యి వేస్తే సన్నటి మంచు పొర గరగరలాడుతుంది.

ఇంకా ఆరు వారాలుంది కాబట్టి ముందు కాళ్ళ సంగతి చూడు. జిమ్‌లో మెషీన్ మీద నడిచింది ఇక్కడ లెక్కకు రాదు. ఆదివారం ఆదివారం రామతీర్థం వెళ్ళి కొండ మెట్లు ఎక్కి దిగు, కొన్న బూట్లతోనే, వీపున బ్యాగుతోనే. మొదటి వారం బ్యాగులో మూడు కిలోల బియ్యం పెట్టుకో, వారానికి ఒక కిలో పెంచు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అది మామూలే. దిగేటప్పుడు మోకాళ్ళు ఏమంటున్నాయో గమనించు. కరేరి నడకలో రెండో రోజంతా దిగడమే. వీలైతే ఒకసారి మా వైపు రా, మందస దగ్గర నుంచి మహేంద్రగిరి చూపిస్తాను. అది 1,501 మీటర్లు. ఆ కొండ కింద నిలబడి పైకి చూశాక, కరేరి అంతకు దాదాపు రెండింతలని తలుచుకుంటే ఎత్తు అంటే ఏమిటో నీకే తెలుస్తుంది.

కొత్త బూట్లతో నేరుగా అక్కడికి వెళ్ళొద్దు. అర సైజు పెద్దవి తీసుకో, దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తన్నుకుంటాయి. బయలుదేరే ముందు గోళ్ళు కురచగా కత్తిరించుకో. మడమ దగ్గర కాస్త మంటగా అనిపించగానే ఆగి, బూటు విప్పి, అక్కడ టేపు అంటించు. "ఇంకో పది నిమిషాలు పోయాక చూద్దాంలే" అంటే ఆ పది నిమిషాల్లోనే బొబ్బ లేస్తుంది.

బ్యాగు బరువు నీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. నువ్వు యాభై కిలోలు ఉంటావనుకుంటే పది కిలోలు. నడుం బెల్టు బిగించి కట్టుకో, బరువు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, భుజాలు ఊరికే పట్టుకుని ఉండాలి. బరువైనవి వీపుకి ఆనుకుని నడిమిలో సర్దుకో. సర్దడం అయ్యాక నలుగురి బ్యాగులూ ఒకేసారి విప్పండి. నాలుగు పేస్టులు, నాలుగు సబ్బులు, నాలుగు పవర్ బ్యాంకులు బయటపడతాయి. ఒక్కొక్కటి ఉంచుకుని మిగతావి ఇంట్లో వదిలెయ్యండి.

ఇప్పుడు బట్టల సంగతి. ఈ భాగం జాగ్రత్తగా చదువు.

నాకు పొందూరు ఖద్దరంటే ప్రాణమని నీకు తెలుసు. రిటైరయ్యాక వేరే గుడ్డ ఒంటి మీద వేసుకోలేదు. అలాంటి నేనే చెప్తున్నాను, ఆ కొండ మీదకి నూలు బట్ట ఒక్కటి కూడా తీసుకెళ్ళొద్దు. జీన్సు అసలే వద్దు. మన ఎండకి నూలు చల్లగా ఉండేది చెమట పీల్చుకుని పట్టి ఉంచుకుంటుంది కాబట్టే. అక్కడ ఆ గుణమే ముంచుతుంది. నా మొదటి ఏడాదిలో ఒకరోజు మధ్యాహ్నమంతా పిఠ్ఠూ, అంటే వీపున మోసే పెద్ద సంచి, వేసుకుని ఎక్కాను. బనీను తడిసి ముద్దయింది. పైకి చేరాక ఎండ ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, మార్చుకోలేదు. సూర్యుడు గట్టు వెనక్కి దిగిన పావుగంటకి ఆ బనీను వీపుకి తడి గోనె సంచిలా అతుక్కుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, చొక్కా గుండీ విప్పుదామంటే వేళ్ళు వంగలేదు. పక్కవాడు విప్పి, ఒళ్ళు తుడిచి, తన స్వెటర్ తొడిగాడు. ఆ రాత్రంతా నాకు వణుకు తగ్గలేదు.

కాబట్టి ఒంటికి తగిలేది పాలిస్టర్ టీషర్టో, సన్నటి ఉన్నిదో. దాని మీద ఫ్లీస్ జాకెట్. ఆ పైన గాలి, వాన ఆపే జాకెట్. నడిచేటప్పుడు కాస్త చలిగా అనిపించేలా తక్కువ వేసుకో, ఆగిన మరుక్షణం జాకెట్ తొడుక్కో. ఒక జత బట్టలు, ఒక జత ఉన్ని మేజోళ్ళు ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి పెట్టుకో. అవి టెంటులో పడుకోవడానికి మాత్రమే. వాన పడ్డా, వాగులో పడ్డా వాటిని దారిలో తియ్యొద్దు. చెరువు దగ్గరికి చేరగానే, ఫోటోల కంటే ముందు, తడి బట్టలు మార్చుకోండి.

ధర్మశాల చేరిన రోజే కరేరికి పరిగెత్తొద్దు. మన ఊరు సముద్రమట్టానికి వంద మీటర్లు కూడా ఉండదు. ఒక రాత్రి మెక్లియోడ్‌గంజ్‌లో పడుకోండి, అది ధర్మశాల కంటే ఎత్తులో ఉంటుంది. మర్నాడు కరేరి ఊరికి చేరి అక్కడ ఇంకో రాత్రి. మూడో రోజు పొద్దున్న ఏడింటికల్లా నడక మొదలుపెట్టండి. దేవదారు, ఓక్ చెట్ల మధ్య, వాగు వెంబడి దారి. మీ అడుగుకి ఐదారు గంటలు, తొందరేం లేదు. మాట్లాడుతూ నడవగలిగితే సరైన వేగం, మాట తెగిపోతుంటే తగ్గించండి. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే అమ్మాయిని ముందు పెట్టండి. మధ్యాహ్నం 2 గంటలు మీ గడువు. ఆ వేళకి చెరువు కనబడకపోతే ఎంత దగ్గర్లో ఉన్నారనిపించినా వెనక్కి తిరగండి. చీకట్లో తడి రాళ్ళ మీద వాగు దాటకూడదు. గైడుగా కరేరి ఊరివాణ్ణే పెట్టుకోండి, ఆ డబ్బు దగ్గర పొదుపు చెయ్యొద్దు. వాన, మంచు హెచ్చరికలు ఉంటే అక్కడి అధికారులు నడకలు ఆపేస్తారు, బయలుదేరే ముందు కనుక్కోండి.

తలనొప్పి గురించి రాయడానికే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను అమ్మలూ.

మూడు వేల మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ మన దగ్గర అందేదానిలో డెబ్బై శాతమే. రెండున్నర వేలు దాటాక ఎవరికైనా తల పట్టెయ్యొచ్చు, వికారంగా ఉండొచ్చు, అన్నం సయించకపోవచ్చు. వయసుకీ బలానికీ సంబంధం లేదు. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, కరేరి కంటే చాలా ఎత్తైన చోట, మధ్యాహ్నం నుంచి తల పగిలిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. శ్రీకాకుళం కుర్రాడు ఒక్కరోజుకే పడిపోయాడంటారని సిగ్గు. సాయంత్రం టీ తాగుదామని మగ్గు పట్టుకుంటే మూతి దగ్గరికి సరిగ్గా రాలేదు, టీ చొక్కా మీద ఒలికింది. మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ చూశాడు. ఏమీ అడగలేదు, నేల మీద కర్రతో ఒక గీత గీసి, "దీని మీద మడమకి వేళ్ళు ఆనించి నడు" అన్నాడు. మూడో అడుగుకి తూలి పక్కకి పడ్డాను. ఆ రాత్రే ఇద్దరు నన్ను చెరో పక్కా పట్టుకుని టార్చి వెలుగులో కిందికి దింపారు. తెల్లారేసరికి తల తేలికైంది. ఇంకో రాత్రి అక్కడే ఉండుంటే మెదడు వాచి పోయేవాడివని డాక్టరు తర్వాత చెప్పాడు.

అందుకని నలుగురూ ఇప్పుడే ఒక మాట అనుకోండి. రెండు గంటలకోసారి ఒకళ్ళనొకళ్ళు "తల ఎలా ఉంది?" అని అడగాలి, నిజం చెప్పాలి. కాస్త నొప్పిగా ఉంటే ఆగి, నీళ్ళు తాగి, ఏదైనా తినండి. తగ్గకపోతే ఇంక పైకి వద్దు. వాంతులైనా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తాగినవాళ్ళలా తూలినా, ఏ వేళైనా సరే గైడుని లేపి కిందికి దిగడమే. ఒకరికి బాగోకపోతే ఇద్దరు దిగాలి, ఒంటరిగా పంపొద్దు. ఒక పిల్ల కోసం అందరి ప్రయాణం పాడైందన్న మాట మీలో ఎవరి నోటా రాకూడదు. ఆ మాట వస్తుందనే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. ఈ ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళుంటే ఆ సంగతి ఆయనకి ముందే చెప్పాలి.

తిండి విషయం సులువే. నీళ్ళు అక్కడ తొంభై డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, చోడిపిండి (రాగిపిండి) తీసుకెళ్ళండి. పొద్దున్నే వేడివేడి చోడంబలిలో బెల్లం వేసుకుని తాగితే మధ్యాహ్నం దాకా నిలబెడుతుంది. దారిలో నమలడానికి మన పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర. గ్యాస్ డబ్బా ఇక్కణ్ణించి తీసుకెళ్ళొద్దు, రైల్లో నిషేధం. ధర్మశాలలోనే కొనుక్కోండి. టెంటు లోపల మాత్రం ఎంత చలేసినా స్టవ్ వెలిగించొద్దు, నిప్పులు పెట్టొద్దు. ఆ పొగ వాసన కూడా తెలియకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రాత్రి చలి కింద నేల నుంచి ఎక్కువ వస్తుంది, పరుపు మందంగా ఉండేది అద్దెకి అడగండి. పడుకోబోయే ముందు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకో. ఫోను, టార్చి బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగు లోపలే ఉంచుకో, చలికి ఛార్జింగ్ కరిగిపోతుంది. టెంటు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే మన ఊపిరే తడై పైనుంచి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఒంటేలు వస్తే ఆపుకోకుండా ఇద్దరు కలిసి లేచి వెళ్ళండి. చెరువుకీ వాగుకీ డెబ్బై అంగలు దూరంగా జరగండి. దొడ్డికైతే జానెడు లోతు గొయ్యి తీసి, మట్టి కప్పండి. మీ పెద్దమ్మ ఇంకో మాట రాయమంది. వాడిన ప్యాడ్లు అక్కడ పాతిపెట్టకుండా నల్ల కవర్లో కట్టి వెనక్కి తెచ్చెయ్యండి. గట్టు మీది గుట్టపై శివుడి గుడి ఉంది, గద్దీలు ఆ నీళ్ళు తాగుతారు. అందులో సబ్బు వద్దు, గిన్నెలు కడగొద్దు. మీరు తాగే నీళ్ళు మరిగించుకోండి.

గద్దీలంటే అక్కడి గొర్రెల కాపరులు. నడుముకి నల్లటి ఉన్ని తాడు చుట్టలు చుట్టలుగా కట్టుకుంటారు. మీరు వెళ్ళే రోజుల్లో మందల్ని పై మేతల నుంచి కిందికి దింపుకొస్తుంటారు. మంద ఎదురైతే కొండ వైపు ఒదిగి నిలబడండి, లోయ వైపు వద్దు, గొర్రెలు తోసేస్తాయి. వాళ్ళ కుక్కలు చిరుతల్నే ఎదిరించేవి. దగ్గరికి పిలవొద్దు, పరిగెత్తొద్దు, కాపరిని కేకేసి ఆగండి. ఎలుగుబంట్ల సంగతి ఉద్దానం పిల్లవి, నీకు చెప్పక్కర్లేదు. మన జీడితోటల్లో తిరిగేది వేరే జాతి, అక్కడిది వేరే. రెండిటి ముక్కూ ఒకటే. తిండి ఏదీ టెంటులో పెట్టుకుని పడుకోవద్దు.

నా స్లీపింగ్ బ్యాగు పై ఆదివారం పలాసలో మీ నాన్నకి ఇస్తాను. అది మూట కట్టి ఉంచేది కాదు, ఇంట్లో తాడు మీద వేలాడదీసి, వెళ్ళే రోజు మాత్రమే కుక్కండి.

కరేరి ఊరు దాటాక సిగ్నల్ పోతుంది. పైకి బయలుదేరే పొద్దున్న గైడు నంబరు, మీరు పడుకున్న ఇంటివాళ్ళ నంబరు నాకు మెసేజ్ పెట్టు. ఆ రాత్రి ఫోన్ రాకపోయినా నేను కంగారు పడను, మీ నాన్నకీ సర్ది చెప్తాను. మర్నాడు సాయంత్రం 5 దాకా చూస్తాను. ఊళ్ళోకి అడుగు పెట్టగానే, బూట్లు కూడా విప్పకముందే, నాకు ఫోన్ చెయ్యి. 5 దాటితే నేనే ఆ ఇంటివాళ్ళకి చేసి దారి మీదకి మనిషిని పంపమంటాను. నాకు వాళ్ళ హిందీ వచ్చు.

మీ పెదనాన్న