వరాహగిరి వెంకటగిరి గారి గురించి మీరు అడిగినవి

పోయిన సంచికలో ఒకరు “స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన రాష్ట్రపతి ఎవరు?” అని అడిగితే “వి.వి. గిరి” అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. ఆ ముక్క పట్టుకుని బోలెడు ఉత్తరాలు వచ్చాయి. “ఆయన తెలుగువారా?” అని అడిగినవాళ్లే ఎక్కువ. చదివి మనసు చివుక్కుమంది. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో ఒరియా, ఎదురింట్లో బెంగాలీ వినిపించే ఆ క్వార్టర్లలో గిరి గారి పేరు వింటూ పెరిగినవాణ్ణి. అందుకే ఈసారి పేజీ అంతా ఆయనకే.

ప్రశ్న: మాస్టారూ, రాష్ట్రపతిగా ఉండగానే గిరి గారు సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పారని మా లెక్చరర్ అన్నారు. రాష్ట్రపతిని కోర్టుకు పిలవొచ్చా? (డిగ్రీ విద్యార్థిని, పలాస)

జవాబు: కోర్టు రప్పించడం వేరు, తానే వస్తాననడం వేరు తల్లీ. 1970లో గిరి గారు చేసింది రెండోది. అసలు కథ అంతకు ముందు ఏడాది మొదలైంది. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా మన నీలం సంజీవరెడ్డి గారిని నిలబెట్టింది. ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. గిరి గారు స్వతంత్రుడిగా బరిలోకి దిగుతానన్నారు. జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేశారు. రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు నెలకు పైగా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

దేశంలో అత్యున్నత పదవికి ఇద్దరు తెలుగువాళ్లు తలపడ్డారు. “ఆత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండి” అని ఇందిర పిలుపునివ్వడంతో కాంగ్రెస్ సభ్యులు రెండుగా చీలిపోయారు. ఆగస్టు 20న లెక్కింపు. ఈ ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు; ఒక్కో ఓటుకు ఇంత విలువని లెక్క కడతారు, అభ్యర్థులను ఒకటి, రెండు అని ఇష్టం కొద్దీ వరుస పెడతారు. గెలవాలంటే 4,18,169 విలువ ఉన్న ఓట్లు రావాలి. మొదటి ప్రాధాన్యం లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, మూడో అభ్యర్థి, మాజీ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ ఆ గెలుపు అంకె అందలేదు. అప్పుడు దేశ్‌ముఖ్ గారినీ, అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లనూ తప్పించి, వాళ్లకు ఓటేసినవాళ్లు రెండో ఎంపికగా ఎవర్ని రాశారో చూశారు. అవి చాలావరకు సంజీవరెడ్డి గారివైపే వెళ్లాయి. లెక్క తేలేసరికి గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్యం ఓట్లదాకా వెళ్లి తేలింది ఆ ఒక్కసారే. ఆ లెక్కింపు హాల్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకో!

ఇక కోర్టు సంగతి. ఎన్నికకు ముందు సంజీవరెడ్డి గారి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లుతూ పేరులేని కరపత్రం ఒకటి ఎంపీల చేతుల్లోకి వచ్చింది. పార్లమెంటు సెంట్రల్ హాల్లో కూడా పంచారు. దాని వెనక గిరి గారి మనుషులున్నారని, ఎన్నిక రద్దు చేయాలని పిటిషన్లు పడ్డాయి. రాష్ట్రపతి కాబట్టి ఆయన వాంగ్మూలాన్ని రాష్ట్రపతి భవన్‌లోనే నమోదు చేసే వీలుంది. ఆయన వద్దన్నారు. 1970లో స్వయంగా కోర్టుకు వచ్చి, సాక్షిగా కూర్చుని, అవతలి పక్షం లాయర్ల ప్రశ్నలకు జవాబులిచ్చారు. పదవిలో ఉన్న మన రాష్ట్రపతి ఎవరూ అంతకు ముందు అలా చేయలేదు. కరపత్రం పంచిన మాట నిజమే గానీ అందులో గిరి గారి ప్రమేయం రుజువు కాలేదంటూ కోర్టు పిటిషన్లు కొట్టేసింది. అడిగినదానికి జవాబు చెప్పడం పదవికి చిన్నతనం కాదని ఆయన చేసి చూపించారు. గిరి గారి విషయంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే.

ప్రశ్న: మాది బరంపురం. గిరి గారు మా ఊళ్లోనే పుట్టారంటారు. లా చదవడానికి ఇంగ్లండ్ కాకుండా ఐర్లండ్ ఎందుకు వెళ్లారు? అక్కణ్ణించి వెళ్లగొట్టారన్నది నిజమేనా? (ఒక గృహిణి)

జవాబు: మీ ఊరే అమ్మా. 1894 ఆగస్టు 10న పుట్టారు. అప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936లో. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు.

1913లో డబ్లిన్ వెళ్లి అక్కడి యూనివర్సిటీ కాలేజీలో చేరారు. బ్రిటిష్‌వాళ్ల పాలన మీద ఐర్లండ్ కూడా మనలాగే రగిలిపోతున్న రోజులవి. అక్కడ ఆయనకు ఇంగ్లీషు పాఠం చెప్పినాయన థామస్ మక్‌డొనా అనే కవి. 1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ పండగ వారంలో, డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. స్వతంత్ర ఐర్లండ్ ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఆ మాస్టారు ఒకరు. మే 3న ఆయన్ని కాల్చి చంపారు. నిన్నమొన్నటిదాకా క్లాసులో పద్యం చెప్పిన గురువు దేశం కోసం ప్రాణమిచ్చాడంటే, ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి మనసులో ఏం జరిగి ఉంటుందో మీరే అనుకోండి.

దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధల మీద అక్కడి మన విద్యార్థులు కరపత్రం వేశారు. దాంతో పోలీసుల కన్ను అప్పటికే వీళ్ల మీద ఉంది. 1916 జూలై 1 కల్లా దేశం విడిచి వెళ్లాలని గిరి గారికి నోటీసు వచ్చింది. అప్పటికి బారిస్టరు పట్టా చేతికొచ్చింది. తిరిగొచ్చి బరంపురంలోనే ప్రాక్టీసు పెట్టారు. కొన్నాళ్లకు సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి జైలుకెళ్లారు.

ప్రశ్న: బొబ్బిలి రాజా గారిని గిరి గారు ఎన్నికల్లో ఓడించారని మా తాతగారు చెప్పేవారు. జమీందారుని సొంత గడ్డ మీద ఓడించడం అప్పట్లో సాధ్యమేనా? (బొబ్బిలి నుంచి ఒకరు)

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. 1937 ఎన్నికలు. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి కూడా. ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. ఆయన మీద కాంగ్రెస్ తరఫున గిరి గారు నిలబడి బొబ్బిలిలోనే గెలిచారు. ఆ ఎన్నికల్లో ఒక్కో పార్టీకి ఒక్కో రంగు ఓటు పెట్టె ఉండేది. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. చదువురాని రైతు కూడా రంగు చూసి చీటీ వేసేసి రావచ్చు. లోపల ఏ పెట్టెలో వేశాడో దివాణానికి తెలిసేది కాదు. తరతరాలుగా శిస్తు కట్టినవాడు దొర ముఖం చూడకుండా తన మాట చెప్పుకోగలిగిన మొదటి అవకాశాల్లో అదొకటి. ఆ తర్వాత రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

ప్రశ్న: ఆయనకు 14 మంది పిల్లలట? (విజయనగరం)

జవాబు: అవునండి. భార్య సరస్వతీబాయి గారు. అంత సంసారాన్ని ఆమె నడిపారు కాబట్టే ఆయన దేశమంతా తిరగగలిగారు.

ప్రశ్న: నేను రిటైర్డ్ లోకో పైలట్‌ని. మా యూనియన్ సభల్లో గిరి గారి ఫొటోకి దండ వేసేవాళ్లం. కానీ 1974 సమ్మెలో ఆయనే రాష్ట్రపతి కదా. ఎందుకు నోరు విప్పలేదు? (వాల్తేరు)

జవాబు: అన్నా, అన్ని ఉత్తరాల్లోకీ బరువైనది నీదే. ఆయన ఎక్కణ్ణించి వచ్చారో ముందు చెప్పాలి. దేశంలోని రైల్వే కార్మిక సంఘాల సమాఖ్య అయిన రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను కట్టినవాళ్లలో ఆయన ముందువరస మనిషి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మనుషుల్ని తీసేయబోతే, 1927-28 రోజుల్లో ఎక్కడా దెబ్బలాట లేకుండా సమ్మె నడిపించారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకూ, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసింది. అది అన్యాయమంటూ మంత్రి పదవికి రాజీనామా చేశారు.

అలాంటి మనిషి రాష్ట్రపతి భవన్‌లో ఉండగా 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది రైల్వే ఉద్యోగుల కోర్కెల కోసం. అంతకు ముందే జార్జి ఫెర్నాండెజ్ అరెస్టయ్యారు. ఒకప్పుడు గిరి గారు కూర్చున్న ఫెడరేషన్ అధ్యక్షుడి కుర్చీలో అప్పుడున్నది ఆయనే. వేలమందిని జైళ్లలో పెట్టారు, కుటుంబాలను క్వార్టర్ల నుంచి బయటికి నెట్టారు. మే 27న సమ్మె ఆగిపోయింది.

రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే నడవాలి, నిజమే. ఆయన చట్టాన్ని ఎక్కడా దాటలేదు. అయినా నా మనసులో మాట చెబుతాను. మంత్రి పదవిని 1954లో వదులుకున్నవారికి, మరో మూడు నెలల్లో ముగిసిపోయే పదవిలో ఉండి బహిరంగంగా ఒక్క గట్టి మాట అనడం కష్టమేమీ కాదు. అనాల్సింది. 1973లో ముగ్గురు సీనియర్ జడ్జిలను కాదని ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసినప్పుడూ చివరికి సంతకం పెట్టారు. అలాగని ఆ దండ వేయడం మానకు అన్నా. యూనియన్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో మన నాన్నల చేత సంతకం పెట్టించిన మనిషి ఆయన.

ప్రశ్న: ఆయన గుర్తుగా ఏమైనా మిగిలాయా? (హైదరాబాద్)

జవాబు: నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు. 1974లో తపాలా బిళ్ల వచ్చింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ప్రశ్న: గిరి గారు ఎప్పుడైనా ఓడిపోయారా? (పార్వతీపురం)

జవాబు: మీ ఊళ్లోనే ఓడిపోయారండి! 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వు. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ గిరిజన స్థానానికి నామినేషన్ వేసినవాళ్లే. మొదటివారికి రిజర్వు సీటు, రెండోవారైన డిప్పల సూరిదొర గారికి జనరల్ సీటు దక్కాయి. గిరి గారు ఆరు వందల ఓట్లు కూడా లేని తేడాతో వెనకపడ్డారు. రిజర్వు సీటుకు పోటీ చేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారంటూ కేసు వేసి సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1959లో అక్కడా ఓడిపోయారు. గిరి గారంటే నాకెంత ఇష్టమున్నా ఆ తీర్పే సరైనదంటాను. ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న గిరిజనుడికి జనరల్ సీటు మీద అందరితో సమానంగా హక్కుంది. తీర్పు వచ్చేనాటికి గిరి గారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. ఇద్దరేసి సభ్యులుండే నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి ఎత్తేశారు.