వాన పడినప్పుడు నగర బీచ్‌లలోకి మురుగు పొంగకుండా ఆపడం ఎలా?

వాన జోరుగా ఉన్న కొన్ని గంటలు అదనపు నీటిని భూమి కింద పట్టి ఉంచి, తెరిపి ఇచ్చాక శుద్ధి కేంద్రానికి తోడి పంపగలిగితే బీచ్‌లలోకి మురుగు పొంగడం చాలావరకు ఆగుతుంది. చాలా పాత నగరాల్లో ఇళ్ల మురుగు, వీధుల వాననీరు ఒకే గొట్టంలో పారతాయి. కుండపోత వానకు ఆ ప్రవాహం శుద్ధి కేంద్రం తట్టుకోగల స్థాయిని మించుతుంది కాబట్టి, మురుగు ఇళ్లలోకి ఎదురు తన్నకుండా మిగిలినది సముద్రంలోకి పోయే తూములను కావాలనే అమర్చారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓషన్ బీచ్ వెంబడి, గ్రేట్ హైవే కింద పెట్టె ఆకారంలో భారీ కాంక్రీటు సొరంగం ఉంది. కలగలిసిన నీరు అందులో నిలిచినప్పుడు ఇసుక, బురద అడుగుకు చేరతాయి, తేలే చెత్తను అడ్డుగోడ ఆపుతుంది, ఆ తరువాత పంపులు నీటిని ఓషన్‌సైడ్ శుద్ధి కేంద్రానికి చేరుస్తాయి. అదీ నిండిపోయేంత వాన పడితే మాత్రం కొంత సముద్రంలో కలవక తప్పదు.

ఉప్పునీరు క్రిములను వెంటనే చంపేస్తుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. బీచ్ నీటి పరీక్షల్లో ఎంటరోకోకై అనే, మలంలో ఉండే బ్యాక్టీరియాను లెక్కించడానికి ఒక కారణం, అది ఉప్పునీటిలోనూ చాలాసేపు బతకడమే. అందుకే పెద్ద వాన వెలిశాక, నీరు తేటగా కనిపించినా, కనీసం 72 గంటలు స్నానానికి దిగవద్దంటారు.