స్థానీకరణమా, స్థానికీకరణమా?

సందేహం: నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. అణువంతటా పరచుకొని ఉన్న ఆర్బిటాళ్లను (ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ ఉండవచ్చో చెప్పే గణిత రూపాలను) ఒక్కొక్క బంధం దగ్గరికి చేర్చే గణిత పద్ధతులను నోట్సులో ‘స్థానీకరణ పద్ధతులు’ అని రాశాను. తోటి అధ్యాపకుడు ‘స్థానికీకరణ’ అని దిద్దారు. ఏది ఒప్పు? ఆర్బిటాల్‌ను ‘కక్ష్య’ అనవచ్చా?

సమాధానం: దిద్దినవారి వైపే వ్యాకరణం ఉంది. ఇక్కడ పని చేసేది సంస్కృత వ్యాకరణంలోని ‘చ్వి’ ప్రత్యయం. విచిత్రమైన ప్రత్యయమిది. తాను ఆనవాలు లేకుండా లోపిస్తుంది, పోతూ పోతూ ముందున్న అకారాన్ని ఈకారం చేస్తుంది. ‘అస్య చ్వౌ’ అన్నాడు పాణిని. స్థానికం కానిదాన్ని స్థానికం చేస్తే స్థానికీకరణం. ‘స్థాన’ శబ్దం నుంచి స్థానీకరణం సాధించవచ్చు గానీ, అప్పుడది చోటు కానిదాన్ని చోటుగా మార్చడం అవుతుంది. ‘స్థాని’ నుంచి సాధిస్తే మరీ ముప్పు. వైయాకరణుల భాషలో స్థాని అంటే ఆదేశం (బదులుగా వచ్చే రూపం) రాగానే తన చోటు ఖాళీ చేసి పోయేది! ఎలక్ట్రాన్లకు చోటు చూపబోయి ఉన్న చోటు ఊడగొట్టినట్టవుతుంది.

మీ ఒక్కరి పొరపాటు కాదులెండి. సాగర్ ఎడమ కాలువ వార్త వచ్చినప్పుడల్లా పత్రికలు ‘ఆధునీకరణ’ అని అచ్చు వేస్తాయి. ‘ఆధున’ అనే మాట ఎక్కడుంది? ‘ఆధునికీకరణ’లో ఒక్క ‘కి’ రాయడానికి అంత బద్ధకమా!

అయితే నా అసలు పేచీ వేరే ఉంది. చ్వి వచ్చేది అభూతతద్భావంలో, అంటే అంతకుముందు కానిది అయినప్పుడు. మీ పద్ధతుల్లో నిజంగా ఏదైనా కొత్తగా అవుతోందా? మీథేన్ తీసుకోండి. మామూలు లెక్కలో దాని ఎనిమిది వేలన్సీ ఎలక్ట్రాన్లకు (బంధాల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్లకు) నాలుగు ఆర్బిటాళ్లు వస్తాయి. ఒకదానిది ఒక శక్తి, మిగిలిన మూడింటిది మరో శక్తి. కార్బన్–హైడ్రోజన్ బంధం ఇదీ అని వేలు పెట్టి చూపడానికి వాటిలో ఏదీ కుదరదు. వాటినే తగుపాళ్లలో కలిపి తిప్పితే, అచ్చుగుద్దినట్టు ఒకే తీరున నాలుగు బంధాలు తేలతాయి. మొత్తం శక్తి, ఎలక్ట్రాన్ సాంద్రత మాత్రం రవ్వంత మారవు. అన్నదమ్ములు ఉమ్మడి చెలకకు గట్లు వేసుకొన్నంత మాత్రాన ఎకరాలు పెరుగుతాయా?

పైగా గట్టు ఎక్కడ వేయాలన్నది కొలిచేవాడి చేతిలో ఉంది. 1960 నాటి ఫాస్టర్–బాయ్స్ పద్ధతి ఆర్బిటాల్ వ్యాప్తిని వీలైనంత కుదిస్తుంది. ఇథిలీన్‌లో అది కార్బన్ల మధ్య జంటబంధంలోని సిగ్మా (σ), పై (π) అనే రెండు రకాల బంధాలను కలిపేసి అరటికాయల్లా వంగిన రెండు సమాన బంధాలిస్తుంది. 1989లో పిపెక్, మెజీ చెప్పిన పద్ధతి ఒక్కో ఆర్బిటాల్ వీలైనంత తక్కువ పరమాణువుల మీద ఉండేలా చూస్తుంది. సిగ్మా, పై అందులో వేటికవే ఉంటాయి. 1963 నాటి ఎడ్మిస్టన్–రూడెన్‌బర్గ్ పద్ధతిది ఇంకో కొలబద్ద. అణువు ఒకటే, పంపకాలు వేరు.

మరి చ్వి చెల్లుతుందా? మారింది వస్తువు కాదు, మన వర్ణన. శబ్దం వక్త వివక్షను, అంటే చెప్పదలచిన తీరును బట్టి నడుస్తుంది కనుక చెల్లుతుందనే అనుకొంటాను. గట్టిగా అడ్డుపడేవారుంటే వారితో పోట్లాడను. ‘స్థానీకరణ’ అని ఇప్పటికే అచ్చయిన నోట్సు చింపనక్కర్లేదు, ఈసారి ‘కి’ చేర్చండి.

‘కక్ష్య’ను, ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ తిరుగుతాయనే బోర్ నమూనాకే ఉంచండి. అది తిరిగే దారి, ఆర్బిటాల్‌కు దారంటూ లేదు. పాఠ్యపుస్తకాల్లోని ‘ఆర్బిటాల్’ హాయిగా ఉంది.