క్యూఎమ్యూలో ఒక ఇంటర్‌ఫేస్ టైపు రూపం మార్చబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

క్యూఎమ్యూ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక డేటా టైపును విడదీసి కొత్తగా అమర్చే పని నీకు అప్పగించారని, కోడ్‌లో చెయ్యి పెట్టే ముందు ఏమేం చూసుకోవాలో చెప్పమని రాశావు. ఇలాంటి పనికి, నెట్‌వర్క్ చిరునామాను పట్టి ఉంచే సాకెట్‌అడ్రస్ అనే టైపు విషయంలో జరిగినదే అన్నిటికంటే నిండైన ఉదాహరణ కాబట్టి, నేను చెప్పదలచుకున్నది చాలావరకు దాని ఆధారంగానే చెబుతాను.

క్యూఏపీఐ స్కీమాలో, అంటే క్యూఎమ్యూ కమాండ్లనూ వాటి టైపులనూ వర్ణించే ఫైళ్ళలో, నువ్వు రాసే ఏ టైపు అయినా రెండు చోట్ల కనబడుతుంది. జనరేటర్ దాని నుంచి సీ స్ట్రక్చర్‌ను తయారుచేసి లోపలి కోడ్‌కు ఇస్తుంది. అదే టైపు క్యూఎంపీ (బయటి నుంచి క్యూఎమ్యూకు కమాండ్లు పంపే ప్రోటోకాల్) సాకెట్ మీద జేసన్ అనే టెక్స్ట్ రూపంలో సందేశంగా, వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌విర్ట్ వంటి బయటి ప్రోగ్రాములకు చేరుతుంది. లోపల వాడే చోట్లన్నీ వెతికి పట్టుకుని నువ్వే సరిచేయగలవు. బయట ఎవరు దేన్ని నమ్ముకుని ఉన్నారో నీకు తెలిసే వీలు లేదు. అందుకే నువ్వు చేయబోయే ప్రతి మార్పు దగ్గరా ఆగి, ఇది సీ కోడ్‌కు మాత్రమే తెలిసే మార్పా, లేక జేసన్ రూపం కూడా మారుతుందా అని తేల్చుకున్న తరువాతే ముందుకు వెళ్ళు.

టైపు పేరు మార్చడానికి నువ్వు భయపడనక్కరలేదు. స్కీమాను బయటివాళ్ళకు చూపే క్వెరీ-క్యూఎంపీ-స్కీమా కమాండు టైపుల అసలు పేర్లను దాచి వాటి స్థానంలో అంకెలు ఇస్తుంది. బయటివాళ్ళు పేర్ల మీద ఆధారపడకూడదనే అలా చేశారు. కొన్ని స్ట్రక్చర్లలో ఉమ్మడిగా ఉన్న సభ్యాలను (ఫీల్డులను) ఒక బేస్ టైపులోకి చేర్చినా జేసన్‌లో అవి పాత చోటనే కనబడతాయి. సభ్యం పేరు మార్చడం, ఒక పొరను తీసెయ్యడం, కొత్తగా తప్పనిసరి సభ్యాన్ని చేర్చడం మాత్రం అలాంటివి కావు, అవి జేసన్‌నే మారుస్తాయి.

ఇక సాకెట్‌అడ్రస్ సంగతి. తొలుత అది సింపుల్ యూనియన్ (యూనియన్ అంటే కొన్ని రూపాల్లో ఏదో ఒకటి మాత్రమే తీసుకునే టైపు). అంటే జేసన్‌లో ‘టైప్’ అనే సభ్యం పక్కన ‘డేటా’ అనే మరో ఆబ్జెక్టు, దాని లోపల హోస్ట్, పోర్ట్ ఉండేవి. ఆ మధ్య పొర వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. పైగా బ్లాక్ పరికరాల ఆప్షన్లలో అది బాగా అడ్డం వచ్చింది. అందుకని హోస్ట్, పోర్ట్ నేరుగా ‘టైప్’ పక్కనే ఉండే సాకెట్‌అడ్రస్‌ఫ్లాట్ అనే రెండో టైపును తెచ్చారు. దాంతో ఒకే పనికి రెండు టైపులయ్యాయి, వాటి మధ్య మార్పిడి ఫంక్షన్లూ వచ్చాయి. 2017లో, 2.10 విడుదలకు ముందు, దీన్ని చక్కబెట్టిన తీరును నువ్వు కమిట్ చరిత్రలో (కోడ్‌లో నమోదైన మార్పుల వరుసలో) ఒక్కొక్కటిగా చదవాలి. ముందు పాత టైపును సాకెట్‌అడ్రస్‌లెగసీ అన్నారు. తరువాత ఫ్లాట్ టైపుకు సాకెట్‌అడ్రస్ అనే అసలు పేరు ఇచ్చారు. ఆ పైన లెగసీ రూపాన్ని బయటి కమాండ్ల గుమ్మం వరకే పరిమితం చేసి, లోపలి కోడ్ అంతటా కొత్త రూపాన్నే వాడారు. మంచి రూపానికి చిన్న పేరు, వదిలించుకోదలచిన రూపానికి చూడగానే అనుమానం కలిగించే పేరు పెట్టడం నా దృష్టిలో ఆ వరుసలోకెల్లా గొప్ప నిర్ణయం. కొత్తగా కోడ్ రాసేవాళ్ళు తెలియకుండానే సరైనదాన్ని ఎంచుకుంటారు. క్యారెక్టర్ పరికరాన్ని చేర్చే చార్‌డెవ్-యాడ్ కమాండు మాత్రం బయటివాళ్ళ కోసం పాత జేసన్‌నే తీసుకుంటూ వచ్చింది.

గుమ్మం దగ్గర మార్పిడి చేసే ఫంక్షన్ పేరు సాకెట్_అడ్రస్_ఫ్లాటెన్. దాన్ని దగ్గరగా చూడు. అది పాత వస్తువులోని పాయింటర్లను (మెమరీ చిరునామాలను) తీసుకోదు. సభ్యాలను క్లోన్ చేసి, అంటే నకలు తీసి, కొత్త వస్తువును ఇస్తుంది. కాబట్టి పాతదాన్ని దాని యజమాని, కొత్తదాన్ని నువ్వు, ఎవరికి వారు ఫ్రీ చేయాలి (మెమరీని విడుదల చేయాలి). పాయింటర్లను పంచుకుని రాసిన మార్పిడి మొదట బాగానే నడిచి, ఎర్రర్ దారిలో ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేస్తుంది. నీ మార్పిడి ఫంక్షన్‌లోనూ ఇదే పద్ధతి పాటించు. ఆదా చేయాల్సినంత ఖర్చు ఇక్కడ లేదు.

ఇంకో నాలుగేళ్ళకు, 6.2 విడుదలలో, సింపుల్ యూనియన్ అన్న సౌకర్యాన్నే స్కీమా భాషలోంచి తీసేశారు. అప్పుడు సాకెట్‌అడ్రస్‌లెగసీని కూడా మామూలు యూనియన్‌గా తిరగరాసి, ‘డేటా’ ఒక్కటే సభ్యంగా గల చిన్న ర్యాపర్ స్ట్రక్చర్లను ప్రతి శాఖకూ పెట్టారు. స్కీమాలో రాసిన తీరు మారింది, జేసన్‌లో ఒక్క అక్షరమూ మారలేదు. పొర తీసెయ్యడానికి అనుమతి దొరకనప్పుడు నీకు అక్కరకొచ్చే మార్గం ఇదే.

నీ టైపు ఏ దిశలో ప్రయాణిస్తుందో కూడా చూడు. కమాండు ఆర్గ్యుమెంటులో ఐచ్ఛిక సభ్యాన్ని చేర్చవచ్చు, తప్పనిసరి సభ్యాన్ని ఐచ్ఛికం చేయవచ్చు. కమాండు తిరిగి ఇచ్చే సమాధానంలో లెక్క తిరగబడుతుంది: ఎప్పుడూ వచ్చే సభ్యాన్ని ఐచ్ఛికం చేస్తే, దాని కోసం చూసే ప్రోగ్రాము విరిగిపోతుంది. రెండు దిశల్లోనూ ఒకే టైపు వాడుతుంటే రెండు నిబంధనలూ నీ మీద పడతాయి. మైగ్రేషన్ (నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను మరో కంప్యూటర్‌కు తరలించడం) పారామీటర్ల టైపులో సభ్యాలన్నీ ఐచ్ఛికమని స్కీమాలో ఉన్నా, నిజానికి అవి ఐచ్ఛికం కావని పక్కన వ్యాఖ్య రాయవలసి వచ్చిందంటే కారణం ఇలాంటిదే.

పాత రూపాన్ని వదిలించుకోవాలంటే, కొత్తదాన్ని దాని పక్కనే నిలబెట్టు. 8.2లో మైగ్రేట్ కమాండుకు ‘యూఆర్ఐ’ అనే స్ట్రింగుతో పాటు ‘ఛానల్స్’ అనే నిర్మాణం గల ఆర్గ్యుమెంటు చేర్చినప్పుడు, రెంటిలో ఏదో ఒకటే ఇవ్వాలన్నారు. స్ట్రింగ్ వస్తే దాన్ని ముందే విడగొట్టి కొత్త టైపులోకి మార్చి, ఆ తరువాతి కోడ్‌కు ఒకే రూపం అందేలా చూశారు. రెండు రూపాలనూ చివరిదాకా మోసుకెళ్ళే కోడ్ రాయకు. నీ పాత రూపానికి స్కీమాలో డిప్రికేటెడ్ (త్వరలో తీసేయబోతున్నది) అన్న గుర్తు పెట్టి, ఆ సంగతి డిప్రికేటెడ్ ఫీచర్ల పత్రంలోనూ నమోదు చెయ్యి. ఏప్రిల్ విడుదలలో గుర్తు పెడితే, ఆ విడుదలలోనూ ఆగస్టు విడుదలలోనూ అది పనిచేయాలి. డిసెంబరు విడుదల నుంచే తీసెయ్యడానికి వీలుంటుంది. 6.0 నుంచి ఉన్న కాంపాట్ ఆప్షన్‌తో డిప్రికేటెడ్ ఇన్‌పుట్‌ను తిరస్కరించమని చెప్పి టెస్టులు నడిపితే, మన సొంత టెస్టుల్లోనే పాత రూపాన్ని ఇంకా వాడుతున్నవి బయటపడతాయి.

ప్యాచ్‌లను (రివ్యూకు పంపే మార్పుల ముక్కలను) విడగొట్టేటప్పుడు పేరు మార్పు ఒక ప్యాచ్‌లో, రూపం మార్పు మరొక దానిలో ఉండాలి. పేరు మార్పు ప్యాచ్‌లో వందల వరుసలున్నా రివ్యూ చేసేవారికి కష్టం ఉండదు. దాని మధ్యలో ఒక్క లాజిక్ మార్పు దూరిస్తే అది ఎవరి కంటా పడదు. ప్రతి ప్యాచ్ తరువాతా బిల్డ్ కావాలి, టెస్టులు నెగ్గాలి, లేకపోతే రేపు బైసెక్ట్ చేసేవాళ్ళు (తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికేవాళ్ళు) మధ్యలో చిక్కుకుంటారు. జేసన్ మారని ప్యాచ్‌లో, కమిట్ మెసేజ్‌లోనే ఆ మాట స్పష్టంగా రాయి. మారిన ప్యాచ్‌లో, మార్పుకు ముందు, తరువాత సందేశం ఎలా ఉంటుందో రెండూ పూర్తిగా చూపించు. మొదటి ప్యాచ్ సిద్ధం కాగానే, పంపే ముందు నాకొకసారి చూపించు. చదివి నా అభిప్రాయం రాస్తాను.