పాత బోర్ల మధ్య సీస్మిక్ టోమోగ్రఫీ చేయించవచ్చా?

తిరుపతి దగ్గర సైటులో 40 మీటర్ల ఎడంగా రెండు పాత వ్యవసాయ బోర్లున్నాయి, వాటి మధ్య రాయి ఎక్కడ మెత్తబడిందో పునాదికి ముందే తెలుస్తుందా అని అడిగారు. సీస్మిక్ టోమోగ్రఫీ అంటే ఒక బోరు నుంచి కంపన తరంగాలు పంపి, రెండోదానికి అవి చేరే సమయాలతో మధ్యలోని రాతి బొమ్మ గీయడం. ఆ బోర్లతో వద్దండి. పైన ఇనుప కేసింగ్, లోపల నీళ్లు ఉండీ లేనట్టు, పైగా పునాది పనికి 40 మీటర్లు మరీ దూరం.

8-10 మీటర్ల ఎడంతో కొత్తవి రెండు వేయించండి. లోతు ఆ ఎడానికి రెండింతలైనా ఉండాలి. అడుగున మూత బిగించిన పీవీసీ పైపు దించి, చుట్టూ ఉన్న సందును సిమెంటు-బెంటొనైట్ గ్రౌటుతో (సిమెంటు, బంకమట్టి కలిపిన జారుడు ముద్దతో) కింది నుంచి పైకి నింపాలి. సందు మిగిలితే సిగ్నల్ అక్కడే చస్తుంది. నీళ్లలో విద్యుత్ నిప్పురవ్వతో తరంగం పుట్టించేది స్పార్కర్, దాన్ని పట్టే నీటి మైకులు హైడ్రోఫోన్లు. స్పార్కర్‌కైనా హైడ్రోఫోన్లకైనా పైపు నిండా నీళ్లుండాలి. మన చిత్తూరు బోర్లలో అవి వాటంతటవే నిలవవు కాబట్టి మూత తప్పదు.

ఒక బోరులో మీటరుకొకటి చొప్పున హైడ్రోఫోన్లు. రెండోదాంట్లో స్పార్కర్‌ను అడుగు నుంచి మీటరు మీటరు పైకి లాగుతూ, ప్రతిచోటా మూణ్ణాలుగు షాట్ల (స్పార్కర్ పేలుళ్ల) రికార్డులు కలపాలి.

అసలు తలనొప్పి టైమింగ్. గట్టి గ్రానైట్‌లో వేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు, అంటే 10 మీటర్లకు 2 మిల్లీసెకన్లే. ట్రిగ్గర్, అంటే షాటు పేలిన క్షణం గుర్తు, 0.1 మిల్లీసెకను తప్పినా వేగం 5 శాతం తప్పుతుంది. ముందే స్పార్కర్‌నూ ఒక హైడ్రోఫోన్‌నూ నీళ్ల తొట్టిలో 1.48 మీటర్ల దూరాన పెట్టి చూడండి, దాదాపు 1 మిల్లీసెకను రావాలి. ఎంత తేడా వస్తే అంత ప్రతి రీడింగు నుంచీ సరిచేయాలి. బోరు వంకర కూడా ఇంతే నష్టం చేస్తుంది: 10 అనుకున్నది లోతులో 9.5 మీటర్లయితే మళ్లీ 5 శాతం. బోరు ఎటు ఎంత వంగిందో కొలిచే డీవియేషన్ సర్వే మానొద్దు. డోలరైట్ (మన నల్లరాయి) దగ్గర దిక్సూచి నమ్మదగింది కాదు, అయస్కాంతం మీద ఆధారపడని గైరో అడగండి.

ఆ డోలరైట్ డైకులుగా, అంటే రాతిలో గోడల్లా, నిలువుగా లేస్తుంది. కిరణాలు, అంటే తరంగాలు నడిచే దారులు, ఎక్కువగా అడ్డంగా పోతాయి గనుక నిలువు హద్దు ఎక్కడో సరిగా తేలదు, పక్కలకు పులిమినట్టు పడుతుంది. పైన నేల మీద కూడా జియోఫోన్లు (నేల కంపనాన్ని పట్టేవి) పరిస్తే కొంత మేలు. మెత్తని చోటుదీ ఒక చిక్కుంది: మొదట చేరే తరంగం దాన్ని చుట్టి పక్క గట్టిరాతి గుండా వస్తుంది, అందుకే బొమ్మలో అది నిజం కన్నా చిన్నదిగా, తక్కువ మెత్తగా కనిపిస్తుంది. సన్న పగుళ్లయితే విడిగా కనబడనే కనబడవు.

రంగుల బొమ్మతో పాటు కిరణాల మ్యాపు, లెక్కకట్టిన సమయాలకూ కొలిచిన సమయాలకూ తేడాలు, ముడి రికార్డులు కాంట్రాక్టరును అడగండి. కిరణాలు పలచగా ఉన్నచోట కత్తెరలా దాటే చారలుంటే అవి రాయివి కావు, లెక్కవి.