వెబ్‌లాజిక్ కోర్సు కన్నా ముందు ఇంట్లో ఒక టామ్‌క్యాట్

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. ప్రోగ్రాములు రాయడం మీద అంత ఆసక్తి లేదంటోంది. లైనక్స్ మాత్రం ఇష్టపడి నేర్చుకుంది. హైదరాబాద్‌లో వెబ్‌లాజిక్ అడ్మిన్ కోర్సు చేయిస్తే ఉద్యోగం ఖాయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఈ పనికి భవిష్యత్తు ఉందా? కోర్సులో చేర్పించమంటారా? రాత్రి డ్యూటీలు తప్పవా?
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీ అమ్మాయి లైనక్స్‌ను ఇష్టపడి నేర్చుకుందన్న మాట చూశాక ఈ దారి ఆమెకు సరిపోతుందనే అనుకుంటున్నాను. అయితే ఇప్పుడే ఫీజు కట్టకండి. రెండు మూడు నెలల పాటు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా, వెబ్‌లాజిక్ లాగే జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్ మీద చేయి తిరగనివ్వండి. కోర్సు కావాలో వద్దో ఆ తర్వాత ఆమే మీకు చెప్పగలుగుతుంది.

ముందుగా ఈ ఉద్యోగం ఏమిటో చూద్దాం. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు నడిపే వెబ్ అప్లికేషన్లలో చాలా వాటిని జావాలోనే రాశారు. డెవలపర్లు ఆ ప్రోగ్రామును ‘వార్’ ఫైలుగా కట్టి ఇస్తారు. దాన్ని నడిపే సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేయడం, అవసరానికి తగ్గట్టు కాన్ఫిగర్ చేయడం, కొత్త వెర్షన్లు ఎక్కించడం, ఆగిపోతే నిలబెట్టడం అడ్మిన్ బాధ్యత. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని, దాని కోసం ఎవరూ నెలజీతం ఇవ్వరు. సర్వర్ నడుస్తున్నట్టే కనిపిస్తూ పేజీ మాత్రం తెరుచుకోనప్పుడు, లోపం ఎక్కడుందో వెతికి పట్టుకునే మనిషి కావాలి సంస్థలకు. నేర్చుకునే పద్ధతి కూడా అందుకు తగ్గట్టే ఉండాలి.

టామ్‌క్యాట్‌తోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, అది ఉచితం, చిన్నది, లోపల ఏం జరుగుతోందో దాచకుండా చూపిస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆ సంస్థ 1999లో ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ అనే సంస్థకు అప్పగించింది. నేటికీ అపాచీయే నడుపుతోంది. ఉబుంటు అనే లైనక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. విండోస్ ఉంటే, కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకోవచ్చు. జావా 17, టామ్‌క్యాట్ 10.1 తీసుకోమనండి. ప్యాకేజీ మేనేజర్‌తో ఒక్క కమాండులో ఎక్కించకుండా, అపాచీ సైటు నుంచి ఫైలు దింపుకొని, ఫైలు మారకుండా వచ్చిందో లేదో చెప్పే చెక్‌సమ్ సరిచూసి, తన చేత్తో విప్పి పెట్టుకుంటే ఏ ఫోల్డరు ఎందుకుందో తెలుస్తుంది. సెట్టింగులు ‘కాన్ఫ్’లో, అప్లికేషన్లు ‘వెబ్‌యాప్స్’లో, జరిగినదంతా ‘లాగ్స్’లో ఉంటాయి. సర్వర్‌ను అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌తో ఎప్పుడూ నడపకూడదు. దానికంటూ వేరే యూజర్‌ను సృష్టించి, లైనక్సే మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టడం మొదటి వారంలోనే అలవాటు కావాలి.

ఆ తర్వాత అసలు చదువు మొదలవుతుంది. బాగా నడుస్తున్న సర్వర్‌ను కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచేయాలి. టామ్‌క్యాట్ అభ్యర్థనలు అందుకునే 8080 పోర్టును ముందే వేరే ప్రోగ్రాముకు ఇచ్చి టామ్‌క్యాట్‌ను మొదలుపెడితే ఏ సందేశం వస్తుంది? లాగ్ ఫోల్డరు మీద రాసే అనుమతి తీసేస్తే? జావాకు ఇచ్చే మెమరీని బాగా తగ్గిస్తే? ప్రతిసారీ లాగ్‌లో ఏ వరుస కనిపించిందో, దేనివల్ల వచ్చిందో, ఏం చేస్తే పోయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో ఆ పుస్తకం పనికివచ్చినంతగా ఏ సర్టిఫికెట్టూ పనికిరాదు.

వీటిలో ఒక ప్రయోగాన్ని మాత్రం వివరంగా చెబుతాను, ఈ వృత్తి రుచి అందులో తెలుస్తుంది. టామ్‌క్యాట్ ఒకేసారి 200 అభ్యర్థనలను అందుకునేలా తయారై వస్తుంది. అప్లికేషన్ వాడుకొని తిరిగి ఇచ్చేందుకు సిద్ధంగా ఉంచే డేటాబేస్ కనెక్షన్ల పూల్ మాత్రం, మనం ఏమీ మార్చకపోతే, ఎనిమిది కనెక్షన్లే ఇస్తుంది. అప్లికేషన్‌లో ఎక్కడో ఒకచోట కనెక్షన్ తీసుకొని తిరిగి ఇవ్వడం మరిచిపోయారనుకోండి. ఆ పేజీని ఎనిమిదిసార్లు తెరిచేసరికి పూల్ ఖాళీ. తొమ్మిదో మనిషి ఎదురుచూస్తూనే ఉంటాడు, ఎందుకంటే ఎంతసేపు ఆగాలో మనం చెప్పకపోతే ఆ నిరీక్షణకు గడువే లేదు. లాగ్‌లో ఒక్క తప్పూ కనిపించదు, సీపీయూ ఖాళీగా ఉంటుంది, పేజీ మాత్రం రాదు. కొత్తవాళ్లు వెంటనే రీస్టార్ట్ చేస్తారు. కాసేపు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే కథ. తెలిసిన అడ్మిన్ రీస్టార్ట్‌కు ముందు ‘జేస్టాక్’ కమాండుతో థ్రెడ్ డంప్ తీస్తుంది, అంటే సర్వర్‌లో అభ్యర్థనలను నడిపే ఒక్కో థ్రెడ్ ఆ క్షణాన ఏం చేస్తోందో చూపే జాబితా. థ్రెడ్లన్నీ ఒకేచోట, కనెక్షన్ కోసం వేచి ఉన్నట్టు అందులో కనిపిస్తుంది. ఇచ్చిన కనెక్షన్ తిరిగిరాకపోతే వెనక్కి లాక్కొనే, ఎవరు తీసుకున్నారో లాగ్‌లో రాసే సెట్టింగులు పూల్‌లో ఉన్నాయి. అవి పెడితే ప్రోగ్రాములో ఏ వరుసలో కనెక్షన్ తీసుకున్నారో కూడా బయటపడుతుంది. మీ అమ్మాయి ఈ లోపాన్ని తానే సృష్టించి, తానే పట్టుకోగలిగిన రోజున ఈ ఉద్యోగానికి చాలావరకు సిద్ధమైనట్టే.

పాత అప్లికేషన్లతో వచ్చే చిక్కు ఒకటి ఆమెకు తప్పక ఎదురవుతుంది. టామ్‌క్యాట్ 9 వరకు ‘జావాఎక్స్’ అనే పేరుతో ఉన్న లైబ్రరీలు 10 నుంచి ‘జకార్తా’గా మారాయి. 9లో చక్కగా నడిచిన వార్ ఫైలును తెచ్చి 10లో పెడితే సర్వ్‌లెట్ క్లాసు (అభ్యర్థనకు జవాబిచ్చే జావా భాగం) దొరకలేదనో, పేజీ లేదని చెప్పే 404 అనో వస్తుంది. అలాంటి ఫైళ్లను ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ ఫోల్డరులో పెడితే టామ్‌క్యాటే మార్చుకుంటుంది. 8.5 వెర్షన్‌కు 2024 మార్చి 31తో మద్దతు ముగిసింది కాబట్టి, పాత సర్వర్లను కొత్త వెర్షన్లకు మార్చడమే ఒక పెద్ద పని అయింది.

భద్రత విషయంలో ఉపేక్ష వద్దు. 2020 ఫిబ్రవరిలో బయటపడ్డ ‘ఘోస్ట్‌క్యాట్’ లోపం ఇందుకు మంచి పాఠం. చాలామంది వాడని 8009 పోర్టు అప్పటిదాకా దానంతట అదే తెరుచుకొని ఉండేది. దాని ద్వారా బయటివాళ్లు అప్లికేషన్ లోపలి ఫైళ్లను చదవగలిగేవారు. వాడని పోర్టు మూసేయడం, అప్లికేషన్లను ఎక్కించే, ఆపే మేనేజర్ పేజీని బయటి ప్రపంచానికి తెరవకపోవడం, టామ్‌క్యాట్‌కు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను నిలబెట్టి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ దానికి అమర్చడం కూడా ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

ఇక వెబ్‌లాజిక్. 2008లో బీఈఏ సంస్థతో పాటు ఒరాకిల్ చేతికి వచ్చిన ఈ సర్వర్ పెద్ద సంస్థల్లో ఇప్పటికీ ఉంది. దానికి అడ్మిన్లు కావాలి, నిజమే. కానీ కొత్త జావా అప్లికేషన్లు ఎక్కువగా స్ప్రింగ్ బూట్ అనే సాధనంతో వస్తున్నాయి. అందులో టామ్‌క్యాట్ లోపలే ఇమిడి ఉంటుంది, ఆ అప్లికేషన్‌ను కంటెయినర్ అనే విడి పెట్టెలో పెట్టి, అలాంటి పెట్టెలను నిర్వహించే కుబర్నెటిస్ మీద నడుపుతారు. కాబట్టి ఒక్క వెబ్‌లాజిక్ కన్సోల్ నొక్కడం మాత్రమే తెలిసినవారికి అవకాశాలు తగ్గుతాయి. లైనక్స్, నెట్‌వర్క్, జావా మెమరీ, థ్రెడ్లు తెలిసినవారు ఏ సర్వర్‌కైనా మారిపోతారు, సాఫ్ట్‌వేర్ తయారీని, నిర్వహణను కలిపి చూసే డెవాప్స్ వైపూ వెళ్తారు. ప్రోగ్రాములు రాయడం ఇష్టం లేదన్నారు. పెద్ద ప్రోగ్రాములు అక్కర్లేదు గానీ లైనక్స్ కమాండులను వరుసగా నడిపే షెల్ స్క్రిప్టులు రాయడం, జావా ఎర్రర్ చదివి అర్థం చేసుకోవడం రావాలి. అదీ వద్దంటే ఈ రంగం వద్దు.

మూడు నెలల తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, అమీర్‌పేటలో చేర్పించే ముందు డెమో క్లాసుకు వెళ్లమనండి. ప్రతి విద్యార్థికీ సొంతంగా సర్వర్ ఇస్తారా, చెడిపోయిన సర్వర్‌ను బాగుచేయిస్తారా అని అడగాలి. స్లైడ్లు, వీడియోలతో సరిపెడితే బయటికి వచ్చేయాలి. లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి. తనిఖీలో దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ వెంటాడుతుంది. కోర్సుకు పెట్టే డబ్బుతో రెడ్‌హ్యాట్ సంస్థ లైనక్స్ అడ్మిన్ల కోసం పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాయించడం నా దృష్టిలో మేలు. అందులో ప్రశ్నలకు టిక్కులు పెట్టడం ఉండదు, నిజమైన సిస్టమ్ మీద పనిచేసి చూపించాలి.

రాత్రి డ్యూటీల గురించి ఉన్నమాటే చెబుతాను. సపోర్టు ఉద్యోగాల్లో మొదటి రెండు మూడేళ్లు వంతులవారీ షిఫ్టులు ఉంటాయనే అనుకోండి. కొత్త వెర్షన్లు ఎక్కించడం కూడా జనం వాడకం తక్కువగా ఉండే రాత్రివేళల్లోనో, వారాంతాల్లోనో చేస్తారు. అనుభవం పెరిగేకొద్దీ షిఫ్టులు తగ్గి, అవసరమైతే ఫోను చేసే పద్ధతికి మారుతుంది. ఆఫర్ లెటర్ చేతికి రాగానే నెలకు ఎన్ని రాత్రులు, ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఉందా, తోడుగా సెక్యూరిటీ వస్తారా, ఇంటి నుంచి పనిచేసే వీలుందా అన్నవి హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోమనండి.